530 అనుకున్నారు, 8,725 వచ్చింది

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎస్టిమేట్ తప్పడం అనేది కొత్త కాదు. ఇరవై శాతం తప్పితే మేనేజరు మొహం ముడుచుకుంటాడు. యాభై శాతం తప్పితే క్లయింటే ఫోన్ చేస్తాడు. పదహారు రెట్లు తప్పిన ఎస్టిమేట్ ఎప్పుడైనా చూశారా? మా ఎల్లారెడ్డి నుంచి బాన్సువాడ పోయే దారిలో కాస్త పక్కకి తిరిగితే చూడొచ్చు. దాని పేరు నిజాంసాగర్.

మంజీర మీద అచ్చంపేట దగ్గర ఈ ఆనకట్టని 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఏడో నిజాం కాలం. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీలో చదివి వచ్చిన మనిషి. తెలంగాణలో జులై 11న ఇంజనీర్స్ డే జరుపుకునేది ఆయన పుట్టినరోజనే. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట, దాని మీద రోడ్డు, కట్టినప్పుడు నిల్వ సుమారు 29.7 టీఎంసీ. దీని కింద 2.75 లక్షల ఎకరాలు పారాలని ప్లాను. ఆ నీళ్ళని, ఆ నీళ్ళతో పండే చెరకుని చూసుకునే 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. కట్టడం గురించి పేరు పెట్టడానికేమీ లేదు. తొంభై ఏళ్ళు దాటినా నిలబడే ఉంది.

తప్పింది వేరే చోట. నది నీళ్ళతో పాటు మట్టి కూడా వస్తుంది కదా. ఏడాదికి ఎంత మట్టి వచ్చి చేరుతుందో ముందే అంచనా వేసుకోవాలి, దాన్ని బట్టే జలాశయం ఆయుష్షు. నిజాంసాగర్‌కి వేసుకున్న అంచనా ఏడాదికి 530 ఎకరా-అడుగులు. (ఒక ఎకరం మీద ఒక అడుగు మందాన పరిస్తే ఎంతో అది ఒక ఎకరా-అడుగు.) తర్వాత సర్వే చేసి కొలిస్తే తేలింది 8,725. భారతదేశంలో జలాశయాల పూడిక మీద ఏ రిపోర్టు తిరగేసినా ఒక పట్టిక కనబడుతుంది, అంచనా ఒక గడిలో, అసలు లెక్క పక్క గడిలో. భాక్రాకి 23,000 అనుకుంటే 33,475 వచ్చింది, తుంగభద్రకి 9,796 అనుకుంటే 41,058. తప్పని వాళ్ళెవరూ లేరు. కానీ పదహారు రెట్లు తప్పింది మాత్రం మనదే.

దీన్ని టీఎంసీల్లోకి మార్చి చూద్దాం, అలవాటు పోదు కదా. 530 ఎకరా-అడుగులంటే 0.023 టీఎంసీ. ఆ లెక్కన 1931 నుంచి 1973 దాకా నలభై రెండేళ్ళలో పోయేది ఒక్క టీఎంసీ, అది కూడా ముక్కీ మూలిగీ. 8,725 అంటే 0.38 టీఎంసీ. అదే నలభై రెండేళ్ళకి పదహారు టీఎంసీలు. అంటే సగం చెరువు మట్టయిపోయింది. చివరికి 1970ల్లో గేట్ల దగ్గర ఎత్తు పెంచి పూర్తి మట్టాన్ని 1,405 అడుగులకి తెచ్చారు, అలా మిగిలిందే ఇప్పుడు మనం చెప్పుకునే 17.8 టీఎంసీ. ఆ తర్వాత పైన సింగూరు వచ్చింది, మంజీర నీళ్ళలో హైదరాబాద్ తాగునీటి వాటా వచ్చింది, చివరి ఆయకట్టు కోసం గోదావరి నుంచి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు పెట్టుకోవాల్సొచ్చింది. ప్యాచ్ మీద ప్యాచ్ అన్నమాట.

అంచనా వేసినవాళ్ళని తిట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. 1920ల్లో మన నదుల్లో మట్టి ఎంత వస్తుందో ఎవరి దగ్గరా సరైన లెక్కల్లేవు. ఎ.ఎన్. ఖోస్లా దేశంలోని జలాశయాల వివరాలు పోగేసి, వంద చదరపు మైళ్ళకి ఏడాదికి 75 ఎకరా-అడుగులు వేసుకోండి అని సూత్రం చెప్పింది 1953లో. అప్పటికి నిజాంసాగర్‌కి ఇరవై రెండేళ్ళు. దీని పరీవాహకం 8,376 చదరపు మైళ్ళు కాబట్టి ఖోస్లా లెక్కలో వేసినా ఆరు వేల పైచిలుకే వస్తుంది, 8,725 రాదు.

నాకు ఆసక్తి కలిగించింది ఇంకోటి. జలాశయంలో నీళ్ళెన్ని ఉన్నాయో ఎవరూ నేరుగా కొలవరు. కొలిచేది ఎత్తు. గోడ మీద స్కేలు చూసి 1,398 అడుగులు అని రాసుకుంటారు, తర్వాత ఒక పట్టిక తీసి 1,398 ఎదురుగా ఎన్ని టీఎంసీలు రాసుందో చూసి అది ఎక్కిస్తారు. ఆ పట్టిక ఫలానా సంవత్సరంలో అడుగు ఎలా ఉందో దాన్ని బట్టి తయారైంది. మట్టి చేరేది అడుగున. స్కేలు పైన ఉంటుంది. స్కేలుకి మట్టి సంగతి తెలీదు. ఏటా వానాకాలం నిండుకుండ, స్కేలు నిండా రీడింగు, పేపర్లో "నిజాంసాగర్‌కు జలకళ" అని ఫొటో. కింద మాత్రం ఏటా మట్టి చేరుతూనే ఉంటుంది. అది తెలియాలంటే పడవేసుకుని అడ్డంగా పోతూ చోటు చోటుకీ లోతు కొలవాలి, లేదా ఎండాకాలం నీళ్ళు దిగాక అడుగు సర్వే చెయ్యాలి. ఖర్చు, శ్రమ, పైగా ఆ కొలిచిన ఫలితం చూసి సంతోషించేవాడు ఎవడూ ఉండడు.

ఇక్కడికి మన టెస్టింగ్ వాళ్ళకి విషయం అర్థమైపోయి ఉంటుంది. 1,200 టెస్ట్ కేసుల్లో 1,180 పాస్, అంటే 98.33 శాతం, రిపోర్టు ఆకుపచ్చగా ఉంది, రిలీజ్ చేద్దాం. ఆ 1,200 ఎప్పుడు రాసినవి? రెండేళ్ళ కింద. ఈ రెండేళ్ళలో కోడ్ ఎంత పెరిగింది? అది ఆ రిపోర్టులో ఉండదు. బోరిస్ బైజర్ అనే ఆయన టెస్టింగ్ పుస్తకంలో దీన్ని పురుగుమందుతో పోల్చాడు: ఒకే మందు కొడుతూ పోతే ఆ మందుకి చచ్చే పురుగులు చస్తాయి, మిగిలినవి ఆ మందుకి లొంగనివే. కామారెడ్డి వైపు పత్తి వేసే ఏ రైతుకైనా ఈ ముక్క చెప్పి చూడండి, ఇందులో కనిపెట్టిందేముంది అంటాడు. :)

ఆ రెండు దశాంశాలొకటి. ప్రాజెక్టుల రోజువారీ నివేదికలో నిజాంసాగర్ సామర్థ్యం 17.802 అని రాస్తారు. మూడో దశాంశం అంటే పది లక్షల ఘనపుటడుగులు. ఏడాదికి దానికి కొన్ని వందల రెట్లు మట్టి చేరిన చోట ఆ రెండు, 2, ఏం చెప్తుందో నాకైతే ఎప్పటికీ అర్థం కాలేదు.

సరే, సాఫ్ట్‌వేర్ సంగతికొద్దాం. క్వాలిటీని కొలవాలన్న పట్టుదల మనవాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందంటే, 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో వాళ్ళు పెట్టిన సమావేశం దగ్గర మొదలుపెట్టాలి. ప్రాజెక్టులు టైముకి అవ్వట్లేదు, అయినవి పనిచెయ్యట్లేదు, దీన్ని ఇంజనీరింగు లాగా చెయ్యలేమా అని కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ మరుసటేడు రోమ్‌లో ఇంకో సమావేశం. టెస్టింగు తప్పులున్నాయని చూపగలదే గానీ లేవని చూపలేదని డైక్‌స్ట్రా చెప్పింది అక్కడే. 1976లో ఐబీఎంలో మైకేల్ ఫేగన్ కోడ్ ఇన్‌స్పెక్షన్ పద్ధతి ప్రచురించాడు, అదే ఏడాది మెకేబ్ కోడ్‌లో దారులెన్నున్నాయో లెక్కపెట్టే కొలత ఒకటి చెప్పాడు. ఇవి రెండూ వస్తువుని కొలిచేవి, అంటే కోడ్‌ని.

తర్వాత కథ మారింది. అమెరికా రక్షణ శాఖకి ఒక ఇబ్బంది ఉండేది, టెండరు వేసిన కంపెనీల్లో ఎవరు పని సరిగ్గా చేస్తారో ముందే తెలియడం ఎలా? పని ఇంకా మొదలవలేదు, కొలవడానికి కోడ్ లేదు. కాబట్టి కంపెనీ పనిచేసే తీరుని కొలుద్దామన్నారు. కార్నెగీ మెలన్‌లో 1984లో పెట్టిన సంస్థకి 1986లో ఐబీఎం నుంచి వాట్స్ హంఫ్రీ వచ్చాడు, ఆయన ఆలోచనల నుంచి 1991లో సీఎంఎం వచ్చింది. ఒకటి నుంచి అయిదు దాకా మెట్లు. గుర్తుపెట్టుకోవాల్సింది, ఇది స్కేలే. లోతు కొలిచే పడవ కాదు. వండే పద్ధతి బాగుందని చెప్తుంది, కూర రుచి చెప్పదు. హంఫ్రీకి ఆ తేడా బాగా తెలుసు. కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ తెలియాల్సిన అవసరం రాలేదు.

మనకి ఈ స్కేలు బాగా కలిసొచ్చింది. 1990ల మధ్యలో బెంగళూరులో మోటరోలా వాళ్ళు అయిదో మెట్టెక్కారు. వై2కే పనులతో బయటి క్లయింట్లు వరస కట్టాక, పదివేల మైళ్ళ అవతలున్న హైదరాబాద్ కంపెనీని నమ్మడం ఎలా అన్న ప్రశ్నకి లెవెల్ 5 సర్టిఫికెట్ జవాబైంది. 2000 తర్వాత కొన్నాళ్ళకి ప్రపంచంలోని లెవెల్ 5 కేంద్రాల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. దీన్ని నేను తక్కువ చెయ్యను. కామారెడ్డి నుంచి, ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చి అమీర్‌పేటలో కోర్సు చేసిన వాళ్ళకి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళకి, అమెరికా పని దొరకడానికి ఆ కాగితం తలుపు తీసింది. పద్ధతి అనేదే లేని చోట పద్ధతి వచ్చింది. రివ్యూ అంటే ఏంటో, వెర్షన్ కంట్రోల్ అంటే ఏంటో చాలామందికి ఆ ఆడిట్ల పుణ్యానే తెలిసింది.

కానీ ఆడిట్‌కి వారం ముందు ఆఫీసుల్లో ఏం జరిగేదో కూడా అందరికీ తెలుసు. ఆరునెలల కిందటి రివ్యూ రికార్డులు ఆ వారంలో పుట్టేవి. ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టించేవాళ్ళు. నేను పనిచేసిన ఒక చోట టెస్టర్ల అప్రైజల్ వాళ్ళు రాసిన బగ్గుల సంఖ్య మీద ఉండేది. ఒకే అక్షరదోషం పద్నాలుగు స్క్రీన్లలో ఉంటే పద్నాలుగు బగ్గులు. మరి డెవలపర్ల అప్రైజల్? వాళ్ళ మీద పడ్డ బగ్గుల సంఖ్య మీద. కాబట్టి సాయంత్రం చాయ్ దగ్గర బేరాలు: "భయ్యా, అది బగ్ కాదు, సజెషన్ అని రాయవా, రేపటి బిల్డులో చేసిస్తా". నెలాఖరుకి వచ్చే గ్రాఫు చూడముచ్చటగా ఉండేది. ఆ గ్రాఫులో ఉన్నది సాఫ్ట్‌వేర్ నాణ్యత కాదు, చాయ్ దగ్గర ఎవరు బాగా మాట్లాడతారన్నది.

ఇక సత్యం సంగతి చెప్పకుండా హైదరాబాద్‌లో నాణ్యత చరిత్ర రాయలేం. లెవెల్ 5 ఉంది, న్యూయార్క్‌లో లిస్టింగు ఉంది, 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం. అందులో లేని నగదు ఒక్కటే 5,040 కోట్లు. దర్యాప్తులో బయటపడ్డ ఒక వివరం మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సింది. దొంగ ఇన్వాయిసులు 7,561, వాటి విలువ 5 వేల కోట్లకి పైనే. ఇవి చేత్తో రాసినవి కావు. కంపెనీ సొంత ఇన్వాయిస్ సిస్టమ్‌లోనే సూపర్ యూజర్ లాగిన్‌తో ఎక్కించినవి. వాటికి "హెచ్" అనే గుర్తు పెడితే మామూలు ఉద్యోగులకి కనబడవు, లెక్కల్లోకి మాత్రం పోతాయి. ఆలోచిస్తే ఆ ఫీచరు స్పెసిఫికేషన్ ప్రకారం చక్కగా పనిచేసింది. ఏ టెస్టరుకిచ్చినా పాస్ చేసేవాడు. (అక్కడ నిజాయితీగా పనిచేసిన వేలమందికి ఇందులో సంబంధం లేదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. చివరికి కంపెనీ నిలబడిందన్నా వాళ్ళ పని వల్లే.)

మరి లోతు కొలిచే పడవ సాఫ్ట్‌వేర్‌లో లేదా అంటే, ఉంది. 1970ల మొదట్లోనే ఐబీఎంలో హార్లన్ మిల్స్ చెప్పాడు. చెరువులో చేపలెన్నో తెలియాలంటే ఏం చేస్తారు? వంద చేపలకి గుర్తు వేసి వదిలి, కొన్నాళ్ళకి వల వేస్తారు. వలలో పడ్డ నలభై చేపల్లో నాలుగింటికి గుర్తుంటే, మొత్తం దాదాపు వెయ్యి ఉన్నట్టు. కోడ్‌లో కూడా అంతే. తెలిసీ వంద తప్పులు పెట్టి టెస్టర్లకి ఇవ్వు. వాళ్ళు ఆ వందలో అరవై పట్టుకున్నారంటే, మన అసలు తప్పుల్లో కూడా నూటికి నలభై ఇంకా లోపలే ఉన్నట్టు. కావాలని తప్పులు పెట్టడం ఇష్టం లేకపోతే ఇంకో దారి. ఇద్దరు టెస్టర్లకి ఒకే పని విడివిడిగా, మాట్లాడుకోకుండా చెయ్యమనండి. ఒకరికి ఇరవై దొరికాయి, ఇంకొకరికి పదిహేను, రెండింట్లో ఉన్నవి పది. ఇరవైని పదిహేనుతో గుణించి పదితో భాగిస్తే ముప్ఫై. దొరికినవి ఇరవై అయిదు, అంటే ఇంకో అయిదు ఎక్కడో ఉన్నాయి. అన్ని తప్పులూ ఒకేలా దొరకవు, రవ్వ పడ్డంత సులువుగా కొర్రమీను వలలో పడదు, కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా "ఎన్ని దొరికాయి" అన్నదాని కంటే "ఎన్ని మిగిలాయి" అన్నదానికి దగ్గరగా వచ్చే లెక్క ఇదొక్కటే. ఇన్నేళ్ళలో దీన్ని నిజంగా చేసిన ప్రాజెక్టు నేను ఒక్కటే చూశాను. ఒకే పనికి ఇద్దరి జీతం బిల్లు చెయ్యాలంటే ఏ క్లయింటూ ఒప్పుకోడు.

లోడ్ టెస్టింగ్ గురించి కూడా ఒక మాట. ఎల్లారెడ్డికి ఇటుపక్క పోచారం జలాశయం ఉంది, ఆలేరు వాగు మీద 1922లో పూర్తయింది, నిజాంసాగర్ కంటే పెద్దన్న. దానికీ పూడిక తప్పలేదు, 2.423 టీఎంసీ కాస్తా 1.82 అయింది. 2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాలో ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, భిక్నూర్-తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పోచారం 70 వేల క్యూసెక్కులు దాటిపోయేలా కట్టింది. ఆ రోజు దాని మీదుగా పోయింది 1.82 లక్షలని అప్పట్లో ప్రకటించారు. కట్ట నిలిచింది. మట్టి అంచనా తప్పిన ఆ తరం ఇంజనీర్లే వరదకి ఇంత వదులు పెట్టి కట్టారన్నమాట. ఒకే జట్టు, ఒక కొలతలో పదహారు రెట్లు తప్పు, ఇంకోదాంట్లో రెండున్నర రెట్ల ధీమా. వీళ్ళని ఏ లెవెల్లో పెడతారో హంఫ్రీ గారినే అడగాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, 2019 ఇంటర్ ఫలితాలు ఒక ఎత్తు.

ఏప్రిల్ 18న ఫలితాలొచ్చాయి. రాసినవాళ్ళు తొమ్మిది లక్షలకు పైగా, తప్పినవాళ్ళు మూడు లక్షలకు పైగా. ఫలితాల పని ఆ ఏడాది కొత్తగా ఒక ప్రైవేటు సంస్థకిచ్చారు, కొత్త సాఫ్ట్‌వేర్. పరీక్షకి హాజరైనవాళ్ళకి గైర్హాజరని వచ్చింది. మొదటి ఏడాది మంచి మార్కులొచ్చిన ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. పేపరు తీసి చూస్తే 99. దిద్దినాయన ఓఎంఆర్ షీటులో 9, 9 బదులు 0, 0 దిద్దాడు, తర్వాత చూడాల్సినాయన చూడలేదు, సాఫ్ట్‌వేర్ ఆ సున్నాని సున్నాగానే తీసుకుంది. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఎల్లారెడ్డి కాలేజీ ముందు, కామారెడ్డి కాలేజీ ముందు నెట్ సెంటర్లో హాల్ టికెట్ నంబరు కొట్టుకునే పిల్లలకి ఓఎంఆర్ ఏంటో, బార్‌కోడ్ ఏంటో తెలీదు. స్క్రీన్ మీద వచ్చిందే నిజం.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, తప్పినవాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూశారు. 3.82 లక్షల మందివి చూస్తే 1,137 మంది పాసయ్యారు. నూటికి 0.3. ఇది మన స్టేటస్ రిపోర్టులో ఎలా ఉంటుందో ఊహించండి: ఖచ్చితత్వం 99.7 శాతం, ఆకుపచ్చ. కానీ కింద ఉన్న అంకె ఏంటి, పైన ఉన్న అంకె ఏంటి? 1,137లో ఉన్నది ఫెయిల్ నుంచి పాస్‌కి మారినవాళ్ళు మాత్రమే. 92 రావాల్సిన చోట 72 వచ్చి ఎలాగూ పాసైపోయినవాడు ఆ ఉచిత పరిశీలనలో లేడు. తప్పు దిద్దిన మనిషిదా, స్కానర్‌దా, ప్రోగ్రాందా అన్నది కూడా ఆ అంకె చెప్పదు. సిక్స్ సిగ్మా వాళ్ళ భాషలో చూస్తే పది లక్షలకి దాదాపు మూడు వేలు. వాళ్ళు చెప్పుకునే ఆదర్శం 3.4.

"డేటా తప్పొస్తే ప్రోగ్రాం ఏం చేస్తుంది" అనే వాదన మనవాళ్ళలో అప్పుడు బాగా వినబడింది. నేనొప్పుకోను. మొదటి ఏడాది మార్కులు అదే డేటాబేస్‌లో ఉన్నాయి. అన్ని సబ్జెక్టుల్లో తొంభైలు వచ్చిన విద్యార్థికి ఒక్కదాంట్లో సున్నా వస్తే ఆపి మనిషికి చూపించమని రాయడానికి ఎన్ని లైన్లు పడుతుంది? బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళెవరినైనా అడగండి, అసాధారణమైన అంకె వస్తే ఆపడం అనేది వాళ్ళకి మొదటి వారంలో నేర్పే పాఠం. అసలు 1980లు, 90ల్లో మన బ్యాంకు శాఖల్లోకి కంప్యూటర్లొచ్చినప్పుడు, పాత లెడ్జరూ కంప్యూటరూ పక్కపక్కన నెలల తరబడి నడిపేవాళ్ళు. సాయంత్రం రెండు మొత్తాలూ కలవకపోతే ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. గుమాస్తాలు విసుక్కునేవాళ్ళు, ఒక పనికి రెండుసార్లు చాకిరీ అని. ఇందాక చెప్పిన ఇద్దరు టెస్టర్ల లెక్క కూడా ఇదే కదా.

కమిటీ చెప్పిన వాటిలో అదొకటి: ఇకముందు ఫలితాలు మరో స్వతంత్ర సంస్థతో కూడా లెక్కకట్టించి, రెండూ సరిపోల్చాకే ప్రకటించాలని. ఆ ఏడాది రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ ఫలితాలకి ఇంకో సంస్థని తెచ్చి సమాంతరంగా నడిపించారు.